కోర్టు సందేహాలు: ఎవరో చెప్పగా విన్న మాట ఎంతవరకు చెల్లుతుంది?

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. ఎవరో ఏదో అన్నారు, అది కేసులోకి వచ్చింది, ఇప్పుడు దాన్ని ఏం చేస్తారు అని. అందుకే మిగతా ఆస్తి తగాదాలన్నీ వచ్చే నెలకి పెట్టి వీటినే తీసుకున్నాను. పేర్లు వేయొద్దని రాశారు కాబట్టి వేయడం లేదు, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: సార్, మా అబ్బాయి లా చదువుతానంటాడు. ఫోన్లో ఎప్పుడూ అమెరికా కోర్టు సీరియళ్ళే చూస్తుంటాడు, పక్కన కూర్చుని నేనూ చూస్తున్నా. ఒకదాంట్లో సాక్షి ఏదో చెప్పగానే జడ్జి జ్యూరీ వైపు తిరిగి, ఈ మాట నిజమని మీరు అనుకోవద్దు, ముద్దాయి ఊరు వదిలి ఎందుకు పోయాడో తెలుసుకోవడానికి మాత్రమే దీన్ని వాడుకోండి అన్నాడు. విన్నాక విననట్టు ఎట్లుంటారు సార్ మనుషులు? మన కోర్టుల్లో కూడా ఇట్లా చెప్తారా? (గుంతకల్లు)

జవాబు: మన దగ్గర చెప్పరు, ఎందుకంటే చెప్పించుకునే జ్యూరీయే (కేసు విని దోషా కాదా తేల్చడానికి కూర్చోబెట్టే మామూలు జనం) లేదు. కానీ ఆ జాగ్రత్త మాత్రం మన చట్టంలోనూ ఉంది, రూపమే వేరు. ముందు ఆ సీన్ సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది కుర్ర లాయర్లు కూడా ఇక్కడే తడబడతారు.

ఒకే మాట కోర్టులోకి రెండు వేర్వేరు పనుల మీద రావచ్చు. కర్నూలు పాతబస్తీలో ఒక అంగడాయన ఉన్నాడనుకోండి. తెలిసినతను ఒకడు సాయంత్రం వచ్చి "అన్నా, ఫలానావాడు ఈ రాత్రికి నీ మీదికి వస్తాడంట, ఇంట్లో పడుకోవద్దు" అని చెప్పి పోయాడు. అంగడాయన భయపడి అత్తగారింట్లో పడుకున్నాడు, తెల్లారేసరికి ఇల్లూ అంగడీ తగలబడిపోయాయి. కేసు నడిచేటప్పుడు డిఫెన్సు లాయరు ఊరుకుంటాడా, "ఆ ఒక్క రాత్రే నువ్వు ఇంట్లో ఎందుకు లేవు, ఇన్సూరెన్సు కోసం నువ్వే అంటించుకున్నావు" అంటాడు. అప్పుడు అంగడాయన తాను విన్న హెచ్చరిక చెప్పుకోవచ్చు. అది నిజమో అబద్ధమో ఇక్కడ లెక్కలోకి రాదు, అట్లా అన్నారు, విని ఈయన భయపడ్డాడు, అంతవరకే. అదే మాటను పట్టుకుని "చూశారా, అంటించింది ఫలానావాడే" అనబోతే మాత్రం కుదరదు. హెచ్చరించినతను బోనెక్కలేదు, ప్రమాణం చేయలేదు, "నీకెవరు చెప్పారయ్యా" అని అతన్ని క్రాస్ చేసే, అంటే ఎదురు ప్రశ్నలు వేసే అవకాశం ముద్దాయికి దొరకలేదు.

ఈ తేడాను తేల్చి చెప్పింది 1956లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ వలసల నుంచి ఆఖరి అప్పీళ్ళు వినే లండన్ కోర్టు), మలయా నుంచి వచ్చిన సుబ్రమణియం కేసులో. తూటాలతో దొరికిన మనిషి "ఉగ్రవాదులు నన్ను బెదిరించారు, ప్రాణభయంతో చేశాను" అంటే, వాళ్ళు ఏమన్నారో చెప్పడం చెప్పుడు సాక్ష్యం (ఇంకొకరు అనగా విన్నది) అవుతుందని కింది జడ్జి నోరు నొక్కేశాడు. ప్రివీ కౌన్సిల్ అది తప్పంది. బెదిరింపు మాటలు నిజమా కాదా అన్నది కాదు ప్రశ్న, బెదిరించారా లేదా అన్నది ప్రశ్న అని.

ఇక అమెరికా. అక్కడి ఫెడరల్ సాక్ష్య నియమాల్లో 105వది ఇదే చెప్తుంది. ఒక సాక్ష్యం ఒక పనికి చెల్లి ఇంకో పనికి చెల్లకపోతే, లేదా ఒక ముద్దాయి మీద చెల్లి ఇంకొకరి మీద చెల్లకపోతే, లాయరు సమయానికి అడిగితే జడ్జి ఆ హద్దు గీసి జ్యూరీకి చెప్పి తీరాలి. అడిగితే అన్నది చూడండి. చాలాసార్లు లాయర్లు కావాలనే అడగరు. జడ్జి పనిగట్టుకుని "ఫలానా మాట పట్టించుకోకండి" అంటే, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న జ్యూరీ సభ్యుడు కూడా లేచి ఏంటా మాట అని చెవులు రిక్కిస్తాడు మరి.

విన్నాక విననట్టు ఎట్లుంటారు అన్నారే, మీ ప్రశ్ననే అక్కడి పెద్ద పెద్ద జడ్జీలు వేశారు. 1932లో లెర్నెడ్ హ్యాండ్ అనే జడ్జి, ఇది జ్యూరీతోనే కాదు ఎవరితోనూ కాని మానసిక కసరత్తు అన్నాడు. ఆ తర్వాతి ఏడాది షెపర్డ్ కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. సైన్యంలో డాక్టరు, భార్యకి విషం పెట్టాడని కేసు. ఆమె జబ్బుపడ్డాక నర్సుతో, తాను తాగిన విస్కీ సీసా తెప్పించి, వాసన తేడాగా ఉందని, డాక్టరే నాకు విషం పెట్టాడని అంది. ఆ మాట మరణ వాంగ్మూలంగా చెల్లదని తేలింది, ఎందుకంటే అక్కడ చావు ఖాయమని ఆశ వదులుకున్నాక చెప్పిందే చెల్లుతుంది, ఆమెకి అప్పటికింకా బతుకు మీద ఆశ ఉంది. సరే, ఆత్మహత్య చేసుకునే మనసు ఆమెకి లేదని చూపడానికైనా వాడుకుంటామంది ప్రభుత్వం. జస్టిస్ కార్డోజో ఒప్పుకోలేదు. అంత సన్నటి తేడా మామూలు మనుషుల బుర్రకి అందదు, ఆ నింద గంట మోగినట్టు మోగుతుంటే మిగతా చప్పుళ్ళేవీ వినపడవు అన్నాడు. శిక్ష కొట్టేశారు. 1949లో జస్టిస్ జాక్సన్ ఇంకో అడుగు ముందుకేసి, జ్యూరీకి చెబితే సరిపోతుందన్నది వట్టి కట్టుకథ, ప్రాక్టీసు చేసే ప్రతి లాయరుకీ ఆ సంగతి తెలుసు అన్నాడు.

అసలు దెబ్బ 1968లో బ్రూటన్ కేసుతో పడింది. ఇద్దరి మీద పోస్టల్ దోపిడీ కేసు. ఒకడు అధికారి ముందు ఒప్పుకుంటూ రెండోవాడి పేరు కూడా చెప్పాడు, బోను మాత్రం ఎక్కలేదు. దీన్ని చెప్పినవాడి మీదే వాడండి, రెండోవాడి మీద వద్దని జడ్జి జ్యూరీకి స్పష్టంగానే చెప్పాడు. అయినా అక్కడి సుప్రీంకోర్టు, ఇట్లాంటి చోట ఎంత చెప్పినా లాభం లేదు, రెండోవాడికి అతన్ని క్రాస్ చేసే హక్కు పోయింది అంటూ శిక్ష కొట్టేసింది. 1957లో తామే ఇచ్చిన తీర్పును తిరగరాసి మరీ చెప్పారు. అట్లాగని జ్యూరీకి చెప్పే పద్ధతిని వదిలేయలేదు. 2023లో సామియా అనే కేసులో, ఒప్పుకోలులోంచి పేరు తీసేసి "ఇంకో వ్యక్తి" అని పెట్టి, జడ్జి హద్దు గీసి చెప్తే సరిపోతుందని మెజారిటీ జడ్జీలు అన్నారు. నాకు మాత్రం అది అంత బాగా అనిపించలేదు. బోనులో ఇద్దరే కూర్చుని ఉంటే ఆ "ఇంకో వ్యక్తి" ఎవరో పసిపిల్లాడికైనా తెలుస్తుంది.

ఇప్పుడు మన సంగతి. మన దగ్గరా జ్యూరీ ఉండేది. ఉన్నచోట జడ్జి విచారణ చివర్లో చట్టం వివరించి, ఏ సాక్ష్యం ఎంతవరకో చెప్పాలి, తప్పు చెప్తే పైకోర్టులో అదే పాయింటు. నానావతి కేసు వినే ఉంటారు, 1959 నాటిది, బొంబాయిలో జ్యూరీ ఎనిమిది ఒకటి తేడాతో నిర్దోషి అంది, సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు, హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు సరేనంది. జ్యూరీకి జడ్జి చెప్పాల్సినవి సరిగ్గా చెప్పలేదన్నది కూడా అక్కడ పెద్ద చర్చ. ఆ కేసు వల్లే జ్యూరీ పోయిందని అందరూ అంటారుగానీ, అప్పటికే చాలాచోట్ల దాని మీద మోజు తగ్గింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటే లేకుండా పోయింది.

కాబట్టి ఇప్పుడు సాక్ష్యం చెల్లుతుందా లేదా అని తేల్చేదీ, చెల్లినదాన్ని తూచేదీ ఒకే మనిషి. ఆ హద్దు ఎవరికి చెప్పాలి? తనకి తానే. చదువుకున్న జడ్జి కాబట్టి మనసులో గీత గీసుకుంటాడని చట్టం నమ్ముతుంది. మరి హ్యాండ్ అన్నట్టు అది ఎవరితోనూ కాని కసరత్తయితే, నల్లకోటు వేసుకున్నంత మాత్రాన అవుతుందా అని మీరు అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. నా లెక్కలో మన పద్ధతికి ఒక బలం ఉంది. జ్యూరీ గదిలోకి పోయి తలుపేసుకుని "దోషి" అని ఒక్కమాట చెప్తుంది, ఎందుకో రాయదు. మన జడ్జి కారణాలు రాయాలి. గీత దాటితే ఆ రాతలోనే కనపడుతుంది, అప్పీలులో పట్టుకోవచ్చు. మీవాడు లా చదివితే ముందు తీర్పు కాపీలో ఈ చోటు వెతకడం నేర్చుకోమనండి, ఫలానా సాక్షి చెప్పింది ఇంకొకరి దగ్గర విన్నది కాబట్టి దాని మీద ఆధారపడటం లేదు అని రాసి, రెండు పేజీల తర్వాత అదే మాటను మెల్లగా కారణాల్లో కలిపేశారా లేదా అని. నేను పేజీలు తిప్పేది కూడా దానికోసమే.

ఇంకొక్క ముక్క. ఆబ్జెక్షన్ చెప్తే విచారణ ఆపకుండా "నోట్ చేశాం, తీర్పులో చూస్తాం" అనడం చాలా ఏళ్ళు నడిచింది, 2001లో సుప్రీంకోర్టే అట్లా చేయమంది. 2021లో మళ్ళీ సుప్రీంకోర్టే, అట్లా వాయిదా వేయొద్దు, అప్పటికప్పుడు తేల్చండి, కాకపోతే ఆ సాక్షి పూర్తయ్యేలోపు తేల్చండి అంది. చెల్లనిది ఒకటి పొరపాటున లోపలికి వచ్చినంత మాత్రాన కేసు మొదటికి రాదు, దాన్ని పక్కన పెట్టినా మిగతా సాక్ష్యం చాలితే తీర్పు నిలబడుతుంది. పాత సాక్ష్య చట్టంలో 167వ సెక్షను, దాని చోట్లో వచ్చిన కొత్త చట్టం భారతీయ సాక్ష్య అధినియంలో 169.

ప్రశ్న: మా తమ్ముడు ఒక మర్డర్ కేసులో ఏ2. ఏ1 పోలీసుల దగ్గర అంతా ఒప్పుకుని మావాడి పేరు చెప్పాడని పేపర్లో ఫొటోతో సహా వేశారు. ఊళ్ళో అందరూ ఇంక అయిపోయిందంటున్నారు. మా అమ్మ అన్నం ముట్టడం లేదు. నిజంగా అయిపోయినట్టేనా? (ప్రొద్దుటూరు)

జవాబు: పేపర్లో వచ్చింది సాక్ష్యం కాదు, ముందు అమ్మకి అన్నం పెట్టండి.

పోలీసు అధికారి ముందు ముద్దాయి ఒప్పుకున్నది అతని మీదే చెల్లదు, ఇంక మీ తమ్ముడి మీద ఎట్లా చెల్లుతుంది? పాత చట్టం 25, కొత్తదాంట్లో 23. ఒక్క సందు ఉంది, అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, దానికి నేరుగా సంబంధించిన ముక్క వరకే తీసుకుంటారు. దీనికి మన తెలుగు నేల కేసే ఇప్పటికీ దేశమంతా దారి, గుంటూరు జిల్లా నుంచి వెళ్ళిన పులుకూరి కోటయ్య కేసు, ప్రివీ కౌన్సిల్ 1946 డిసెంబరులో చెప్పింది. "నేను ఫలానావాణ్ణి పొడిచిన కత్తి మా ఇంటి కప్పులో దాచాను" అన్నాడనుకోండి, కత్తి అక్కడ దొరికింది. "కప్పులో కత్తి దాచాను" అన్నంతవరకే వస్తుంది, "ఫలానావాణ్ణి పొడిచిన" అన్నది రాదు. ఒకే వాక్యాన్ని కత్తిరించి సగం లోపలికి, సగం బయటికి. అయితే మధ్యవర్తుల రిపోర్టు అని వీఆర్వోల సంతకాలతో ఒకటి ఉంటుంది చూడండి, అందులో చాలాసార్లు కథంతా రాసేస్తారు. మీ లాయరు గారు ఆ కాగితం మార్క్ అయ్యేటప్పుడు (నంబరు వేసి కోర్టు రికార్డులోకి తీసుకునేటప్పుడు) ఏ ముక్క వరకు మార్క్ చేస్తున్నారో గట్టిగా చూసుకోవాలి. మొత్తం కాగితం ఎగ్జిబిట్‌గా ఫైల్లోకి పోతే, చదివే కన్ను హద్దు దగ్గర ఆగుతుందా చెప్పండి.

ఏ1 పోలీసుల ముందు కాకుండా మేజిస్ట్రేటు ముందు పద్ధతి ప్రకారం ఒప్పుకుని, తనని తాను ఇరికించుకుంటూ మీ తమ్ముణ్ణి కూడా ఇరికిస్తే, ఇద్దరినీ ఒకే నేరం మీద కలిపి విచారిస్తుంటే, అప్పుడు దాన్ని "పరిగణనలోకి తీసుకోవచ్చు" అంటుంది చట్టం, పాత 30, కొత్త 24. బ్రూటన్ కేసులో అమెరికావాళ్ళు గడప దాటనివ్వని మాటను మనవాళ్ళు లోపలికి రానిచ్చారన్నమాట. కానీ చివరి బెంచీలో కూర్చోబెట్టారు. 1952లో కాశ్మీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు దారి చెప్పింది. ముందు ఆ ఒప్పుకోలును పూర్తిగా పక్కన పెట్టి మిగతా సాక్ష్యం చూడాలి. దానితోనే శిక్ష పడేటట్టుంటే ఒప్పుకోలు జోలికే పోనవసరం లేదు. మిగతా సాక్ష్యం నమ్మదగిందే, నమ్మితే చాలినంతే, అయినా దాని మీద ఒక్కదాని మీదే నిలబడటానికి జడ్జికి మనసు రావడం లేదు అంటే, అప్పుడు ధైర్యం కోసం ఒప్పుకోలు వైపు చూడొచ్చు. ఒప్పుకోలుతో మొదలుపెట్టి మిగతావి దానికి అతికించకూడదు. జడ్జి తనకి తాను చెప్పుకునే హద్దుకి ఇంతకంటే మంచి రూపం నాకు తెలియదు, పనిని ఒక వరసలో పెట్టారు, ఆ వరస తప్పితే తీర్పులో కనపడిపోతుంది.

మీ తమ్ముడి కేసులో ఇంకేం సాక్ష్యం ఉందో ఉత్తరంలో రాయలేదు. లాయరు గారిని అడగాల్సిన ప్రశ్న అదే. ఏ1 మాట తీసేస్తే మావాడి మీద ఏం మిగులుతుంది సార్, అని.

ప్రశ్న: అన్నా, నాకు ఒళ్ళు కాలినప్పుడు బతకననుకుని మేజిస్ట్రేటు గారు ఆసుపత్రికి వచ్చి నేను చెప్పింది రాసుకున్నారు. దేవుడి దయ వల్ల బతికాను. ఇప్పుడు అత్తింటివాళ్ళు, అది చచ్చిపోయినవాళ్ళ వాంగ్మూలం, నువ్వు బతికున్నావు కాబట్టి చిత్తుకాగితం అంటున్నారు. నిజమేనా? (ఆదోని)

జవాబు: సగం నిజం చెప్పి మిమ్మల్ని భయపెడుతున్నారమ్మా.

మరణ వాంగ్మూలంగా అది చెల్లదు, ఆ మాట నిజమే. ఆ మినహాయింపు (పాత చట్టం 32, కొత్తది 26) చెప్పిన మనిషి లేకపోతేనే. కానీ అది చిత్తుకాగితం కాదు. మీరు కోర్టుకి వచ్చి ప్రమాణం చేసి జరిగింది చెప్తారు కదా, ఆ చెప్పిందే అసలు సాక్ష్యం. మేజిస్ట్రేటు రాసుకున్నది దానికి దన్ను. ఈమె ఇప్పుడు లాయరు నేర్పితే చెప్పడం లేదు, ఆ రోజే ఇదే చెప్పింది, అని చూపడానికి పనికొస్తుంది. పాత చట్టంలో 157, కొత్తదాంట్లో 160. మక్సూదన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అట్లాగే ఆ రోజు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ తేడా ఉంటే అవతలివాళ్ళు ఆ కాగితాన్నే మీ ముందు పెట్టి అడుగుతారు. కాబట్టి వాయిదాకి ముందు పీపీ గారిని (ప్రభుత్వం తరఫు లాయరు) కలిసి, ఆ రోజు ఏం రాశారో ఒకసారి చదివి వినిపించమనండి. మీరు ఆ రోజు బాధలో భయంతో ఏదైనా చెప్పకుండా దాచి ఉంటే, లేదా పిల్లల కోసం స్టవ్ పేలిందని చెప్పి ఉంటే, ఎందుకట్లా చెప్పారో కోర్టులో దాచుకోకుండా చెప్పండి. అట్లా చెప్పాల్సి వచ్చిన ఆడవాళ్ళు మీరొక్కరే కాదు.

చనిపోయినవాళ్ళ మాట గురించి కూడా ఈ సందర్భంలో చెప్పేస్తా, చాలామంది అడుగుతున్నారు. షెపర్డ్ కేసులో చూశాం కదా, అమెరికాలో చావు ఖాయమని తెలిసి చెప్పి ఉండాలి. మన చట్టంలో ఆ షరతు లేదు. పిఠాపురం కేసు ఒకటుంది, పాకాల నారాయణస్వామి కేసు అంటారు, ప్రివీ కౌన్సిల్ 1939. పిఠాపురం దివాను దగ్గర పనిచేసిన ప్యూను, రావాల్సిన డబ్బు ఇస్తామని ఉత్తరం వచ్చిందని, బరంపురం వెళ్తున్నానని 1937 మార్చిలో భార్యకి చెప్పి రైలెక్కాడు. రెండ్రోజులకి పూరీ స్టేషన్‌లో ఒక ట్రంకు పెట్టెలో అతని శవం ముక్కలుగా దొరికింది. భార్యకి చెప్పినప్పుడు అతనికి చావు ఊహలో కూడా లేదు, డబ్బు వస్తుందని సంతోషంగా బయల్దేరాడు. అయినా చావుకి దారితీసిన పరిస్థితుల్లో ఆ ప్రయాణం ఒకటి కాబట్టి ఆ మాట చెల్లుతుందన్నారు. మరణ వాంగ్మూలం నమ్మదగిందైతే ఇంకో సాక్ష్యం లేకుండా దాని మీదే శిక్ష వేయొచ్చని 1957లో ఖుషాల్ రావు కేసులో, పక్కన డాక్టరు సర్టిఫికెట్ లేకపోయినంత మాత్రాన పనికిరాకుండా పోదని 2002లో లక్ష్మణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రశ్న: నేను చూడనిది చూసినట్టు పోలీసులు నా స్టేట్‌మెంట్‌లో రాసుకున్నారు. నేను సంతకం కూడా పెట్టలేదు. ఇప్పుడు సాక్షిగా పిలిచారు. రాసింది తప్పంటే నా మీద కేసు పెడతారని టెన్షన్‌గా ఉంది. (తాడిపత్రి)

జవాబు: సంతకం పెట్టించకూడదనే చట్టంలో ఉంది, కాబట్టి దాని గురించి ఆందోళన వద్దు. పోలీసు రాసుకున్న ఆ కాగితం (అందరూ 161 స్టేట్‌మెంట్ అంటారు, కొత్త కోడ్‌లో 180) మీరు చెప్పేదాన్ని కాదనడానికి తప్ప ఇంకో పనికి మామూలుగా రాదు. దాన్ని తెచ్చి "ఇదిగో ఈయన చూశాడు" అని నిరూపించడం కుదరదు. మన చట్టంలో ఒక మాటకి ఇంత గట్టిగా హద్దు గీసిన చోటు ఇంకోటి లేదేమో.

జరిగేది ఇది. మీరు చూడలేదంటే పీపీ గారు కోర్టు అనుమతితో మిమ్మల్ని హోస్టైల్ (ఎదురు తిరిగిన సాక్షి) అని, స్టేట్‌మెంట్‌లోని ఆ లైన్లు చదివి, ఇట్లా చెప్పావా లేదా అని అడుగుతారు. మీరు "నేనట్లా చెప్పలేదు" అంటారు. ఆ లైన్లకి మాత్రం ఒక ఎగ్జిబిట్ నంబరు వేస్తారు. తర్వాత ఎప్పుడో దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఈ సాక్షి నీకు ఇట్లా చెప్పాడా అని ఆయన్ని అడగాలి, ఆయన అవునంటేనే ఆ తేడా రుజువైనట్టు. ఈ రెండో మెట్టు మర్చిపోయే లాయర్లు రెండు వైపులా ఉన్నారు, మర్చిపోతే మొదటి మెట్టు ఎక్కినా వృథా. ఇంత చేసినా తేలేది మీరు రెండు రకాలుగా చెప్పారన్నదే, హత్య మీరు చూశారని మాత్రం కాదు.

చూడనిది చూడలేదనడానికి భయపడొద్దు. అబద్ధపు సాక్ష్యం కేసు పోలీసులు వాళ్ళంతట వాళ్ళు పెట్టేది కాదు, కోర్టు తేల్చాలి. మేజిస్ట్రేటు ముందు ప్రమాణం మీద చెప్పి ఉంటే సంగతి కొంచెం బరువైంది, అట్లాంటిది ఏదైనా ఉంటే లాయరుకి చూపించి తర్వాతే బోనెక్కండి.

ప్రశ్న: పేకాట కేసులో ఎస్సై గారు బోనెక్కి "నమ్మదగిన సమాచారం వచ్చింది" అన్నారు. ఎవరిచ్చారో చెప్పరంట. ఇది చెప్పుడు సాక్ష్యం కాదా? (జమ్మలమడుగు)

జవాబు: మీరు పేకాడారనడానికి వాడితే చెప్పుడు సాక్ష్యమే. ఆయన జీపు తీసుకుని అక్కడికే ఎందుకొచ్చారో చెప్పడానికైతే పర్వాలేదు. సమాచారం ఇచ్చిందెవరో చెప్పమని పోలీసుని బలవంతం చేయడానికి చట్టం ఒప్పుకోదు. మీ కేసు ఆ సమాచారం మీద నడవదు, అక్కడ ఆయన కళ్ళతో ఏం చూశారు, ఏం పట్టుకున్నారు, సంతకం పెట్టిన మధ్యవర్తులు నిజంగా అక్కడున్నారా అన్నదాని మీద నడుస్తుంది. క్రాస్ అంతా అక్కడ పెట్టమనండి.

ప్రశ్న: మా వీధిలో జరిగిన గొడవలో నన్ను సాక్షిగా వేశారు. నేను గొడవ చూడలేదు, అరుపులు విన్నా, తర్వాత పక్కింటామె వచ్చి ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పింది. కోర్టు మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. ఏం చెప్పాలి? (కర్నూలు)

జవాబు: మూడింటినీ విడివిడిగా చెప్పండి. అరుపులు మీ చెవులతో విన్నారు, అది మీ సొంత సాక్ష్యం, ఎన్ని గంటలకి, ఏ వైపు నుంచి, ఏం మాటలు వినపడ్డాయో చెప్పొచ్చు. పక్కింటామె చెప్పింది పక్కింటామెదే. అడిగితే "ఆమె చెప్పింది" అనండి, ఆమె చెప్పినదాన్ని మీరు చూసినట్టు కలిపేయొద్దు, క్రాస్‌లో "నువ్వు చూశావా" అని ఒక్క ప్రశ్న వేస్తే మీరు విన్న అరుపుల మీద కూడా నమ్మకం పోతుంది. ఆమె పరిగెత్తుకుంటూ గొడవ జరుగుతుండగానే వచ్చి చెప్పిందా, సద్దుమణిగి టీ తాగేటప్పుడు చెప్పిందా అన్నది కూడా గుర్తు తెచ్చుకోండి. జరుగుతున్నదాంట్లో భాగంగా అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చిన మాటకి చట్టంలో వేరే చోటుంది (పాత 6, కొత్త 4), మధ్యలో తీరిక దొరికితే ఆ చోటు పోతుంది. చిలకలూరిపేట బస్సు దహనం కేసులో, మంటల తర్వాత కొంతసేపటికి మేజిస్ట్రేటు రాసుకున్న బాధితుల మాటల్ని కూడా సుప్రీంకోర్టు 1996లో ఈ లెక్కలోకి రానివ్వలేదు.

గొడవ కొత్త చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందుదా, విచారణ అప్పటికే మొదలైందా అన్నదాన్ని బట్టి లాయర్లు పాత నంబరో కొత్త నంబరో అంటుంటారు, మీకు దానితో పని లేదు. సమన్ల కాగితం, ఆధార్ కార్డు వెంట పెట్టుకుని పదిన్నరకల్లా కోర్టు హాలు దగ్గర ఉండండి, మీ పేరు పిలిచేదాకా బయటే కూర్చోవాలి, మీకంటే ముందు సాక్షి చెప్పేది వినకూడదు. అయిపోయాక సాక్షి బత్తా ఇస్తారేమో కోర్టు సిబ్బందిని అడగండి, అడగడానికి మొహమాటపడి బస్సు ఛార్జీలు చేతినుంచి పెట్టుకుని పోయేవాళ్ళే ఎక్కువ.